గట్టుమీది చెట్టు - పొరుగువారి తగవు

కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యము ఇల్లు చేరినపిమ్మట మన గ్రామములలో రెండు పనులు మొదలగును. ఒకటి గట్లు వేయుట. రెండవది గట్టుమీది చెట్లనుగూర్చి తగవులాడుట. పొలము పైరుతో నిండియున్నంతకాలము ఎవ్వరికిని తీరిక యుండదు. మాఘ ఫాల్గుణములలో పొలములు ఖాళీపడి హద్దులు కంటికి స్పష్టముగ కనబడునప్పుడు, "ఈ తాటిచెట్టు నీదా నాదా", "నీ మామిడికొమ్మ నా కళ్ళముమీదికి వచ్చినది", "నీ సుబాబులు వేళ్ళు నా మినుమును తినివేసినవి" అను మాటలు బయలుదేరును. సంఘ కార్యాలయమునకు ఎఱువులకును విత్తనములకును వచ్చు సభ్యులు మమ్ము పైరు తెగుళ్ళనుగూర్చి ఎంత తఱచుగ అడుగుదురో చెట్ల తగవులనుగూర్చియు నంత తఱచుగ అడుగుచున్నారు.

మేము వకీళ్ళము కాము. పొలమున పని చేసి చూపుట మా వృత్తి. ఐనను చెట్టు తగవులో సగము చట్టమైనచో సగము వ్యవసాయము. వేరు ఎంతదూరము పోవునో, నీడ ఏ పైరును చెఱచునో, ఏ కొమ్మ కొట్టిన చెట్టు బ్రదుకునో, ఏది కొట్టిన చచ్చునో ఎఱుగక వ్రాయించిన ఫిర్యాదు కోర్టులో నిలువదు. పలుచోట్ల ఇట్టి తగవులను దగ్గఱనుండి చూచితిమి. వానిలో చెడినవారు తఱచుగ న్యాయము తమ పక్షమున లేకపోవుటచే చెడలేదు. ముందు గొడ్డలి పట్టి, తరువాత గొలుసు పట్టుటచే చెడిరి. కావున గొలుసుతోనే మొదలు పెట్టుదము.

చెట్టు ఎవరిది?

చట్టము దృష్టిలో చెట్టు నేలను అంటియున్న ఆస్తి. మొదలు ఎవరి నేలలో నున్నదో చెట్టు వారిది. నీరు పోసినవారిది కాదు. నీడ పడినవారిది కాదు. కాయలు ఏఱుకొనుచున్నవారిది అంతకన్న కాదు. కొమ్మలు నాలుగు బారలు ప్రక్క పొలముమీదికి చాచియున్నను, వేళ్ళు అంతకు రెండింతలు పాఱియున్నను, మొదలున్న నేల యజమానుడే చెట్టునకు యజమానుడు. మొదలు సరిగ సరిహద్దుమీదనే నిలిచి ఇరువైపుల నేలను పట్టియున్నచో అది సాధారణముగ ఉభయుల ఉమ్మడి సొత్తుగ నెంచబడును. అట్టిదానిని ఒకరి సమ్మతి లేక మఱియొకరు కొట్టరాదు.

వినుటకిది సులభముగనే యున్నది. చిక్కెక్కడనగా, గట్టు కదలును, చెట్టు కదలదు. ఏటేట గట్టు చెక్కునప్పుడు ఒక రైతు తన వైపున పాఱవెడల్పు మట్టి తీసి చేనిలో కలుపుకొనును. అవతలి రైతు గట్టు సన్నబడినదని తన వైపున మట్టి మెత్తును. ఇట్లు ఇరువది ముప్పది యేండ్లు జరుగునప్పటికి గట్టు మూర, రెండు మూరలు జరిగిపోవును. తాతలనాడు గట్టు నడుమ మొలచిన తాటిచెట్టు ఇప్పుడు గట్టు అంచునకో, చేనిలోనికో వచ్చి నిలుచును. చెక్కినవాడు "చెట్టు నా చేనిలో నున్నది గావున నాది" అనును. రెండవవాడు "చెట్టు గట్టుది గావున నీ చేనిలో అంతమేర నాది" అనును. చెట్టు వెల వేయి రూపాయలు; తగవు మాత్రము సెంటు భూమికి పాఱును. గ్రామములలో పెద్దలు తాటిచెట్లను గట్లపై పెంచుటకు కట్టెయొక్కటే కారణము కాదు, అవి హద్దునకు సాక్షులు. అట్టి చెట్టును నఱకినవాడు తనకు అనుకూలమైన సాక్షినే నఱకుచున్నాడేమో ముందుగ చూచుకొనవలయును.

మేమెఱిగిన యొక గ్రామమున ఇద్దరు రైతుల నడుమ ఏడు తాటిచెట్లుండెను. ఒకరు వానిని దూలములకై అమ్మివేసి, కొట్టించి, నాలుగు మొద్దులు పెకలించి ఆ చోట గట్టు తిన్నగ వేయించెను. రెండవవారు పోలీసులకు ఫిర్యాదిచ్చి, తరువాత దావా వేసిరి. కోర్టువారు పంపిన కమిషనరు సర్వేయరుతో వచ్చి కొలువగా, మిగిలిన మూడు మొద్దులలో రెండు సరిగ హద్దుగీతమీద నుండెను. ఒకటి కొట్టించినవారి నేలలో నుండెను. పెకలించిన నాలుగు ఎచ్చట నుండెనో ఎవ్వరును చూపలేకపోయిరి. ఒకరి ప్రమాణమునకు ఒకరి ప్రమాణము ఎదురు నిలిచెను. కొట్టించినవారికి ఆ నాలుగును నిజముగ తన నేలలోనివే యైనను, దానిని ఋజువుచేయు మార్గము తానే పూడ్చుకొనెను. నాలుగేండ్లు వాయిదాలకు తిరిగి తుదకు లోక్ అదాలతులో రాజీపడిరి. అప్పటికి ఇరువురును పెట్టిన ఖర్చు ఏడు చెట్ల వెలకు ఎన్నియో రెట్లు. ఏ కక్షియు దుర్మార్గుడు కాడు. కొట్టక పూర్వము ఒకదినము కొలిపించియున్నచో ఆ తగవే లేదు.

కొలుచుటనగా అడుగులతో నడచుటగాని త్రాడు లాగుటగాని కాదు. సర్వే జరిగిన ప్రతి గ్రామమునకును కొలతల పటములున్నవి. ఆంధ్ర ప్రాంతమున వీనిని ఎఫ్.ఎం.బి. అందురు; తెలంగాణమున తిప్పను అందురు. పాత కొలతలు గొలుసు లింకులలో నుండును. గొలుసునకు 66 అడుగులు. దానిలో 100 లింకులు. అనగా లింకు ఒక్కింటికి ఎనిమిది అంగుళములకు కొంచెము తక్కువ. తాటిమొదలు అడ్డుకొలత సుమారు రెండు లింకులు. కొలతలో రెండు లింకుల తప్పు వచ్చినను ఒక చెట్టు ఈ చేనినుండి ఆ చేనికి మాఱిపోవునని గమనింపవలయును. కావున మండల సర్వేయరుచేతనే హద్దులు చూపించుకొనవలెను. ఇందులకు మీ-సేవ ద్వారా తహసీల్దారు కార్యాలయమునకు దరఖాస్తు పెట్టి రుసుము చెల్లింపవలయును. ఇరుగుపొరుగువారికి నోటీసు అందినదో లేదో చూచుకొనుడు. అవతలివారు ఆ దినమున పొలమునకు రానిచో "నాకు తెలియకుండ కొలిచిరి" అను మాట తరువాత తప్పక వచ్చును. ఒక్కమాటు పిలిచిన రానివారిని రెండవమాటు పిలుచుటచే మనకు పోవునది లేదు. సర్వేయరు హద్దు చూపును గాని హక్కు నిర్ణయింపడు; ఆ కొలతకు ఎవరైన ఒప్పుకొననిచో హక్కు తేల్చవలసినది సివిలు కోర్టు. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన గ్రామములలో పాత పటమునకును క్రొత్త పటమునకును గట్టు దగ్గఱ తేడా యున్నదేమో రెండును తీసి చూచుకొనుట మంచిది. ఇక సర్వేరాయి పెఱికినచో అది వేఱొక నేరము. దానికి వేఱుగ శిక్ష కలదు.

చెఱువుకట్ట, పుంత, రోడ్డు ప్రక్క, పోరంబోకు నేల - వీనిపై నున్న చెట్లు సర్కారువి. మన పొలమున కానుకొని యున్నంతమాత్రమున మనవి కావు. వానికి 2-సి పట్టా యున్నవారు ఆ పట్టా షరతులకు లోబడి ఫలసాయము తీసికొనవచ్చును. అంతియే గాని చెట్టు కొట్టి అమ్ముకొను స్వాతంత్ర్యము దానివలన రాదు.

కొమ్మలు

పొరుగువారి చెట్టుకొమ్మ మన నేలమీదికి వచ్చినచో, మన హద్దువఱకు దానిని మనము కొట్టుకొనవచ్చును. ఇందునుగూర్చి ఇంగ్లండులో లెమ్మను, వెబ్బు అను పొరుగువారి నడుమ జరిగిన వ్యాజ్యము ప్రసిద్ధమైనది. ఒకరి పెద్దచెట్ల కొమ్మలు చిరకాలముగ రెండవవారి నేలమీదికి వ్రాలియుండగా వారు నోటీసు లేకుండ కొట్టివేసిరి. ఆ వ్యాజ్యము ప్రభువుల సభవఱకు పోయి, దాని తీర్పు 1895 నాటి న్యాయనివేదికలలో ప్రకటింపబడెను. ఎదుటివారి నేలలో అడుగు పెట్టకుండ కొట్టగలిగినచో నోటీసు ఇయ్య నవసరము లేదనియు, కొమ్మ ఎన్ని యేండ్లు వ్రాలియున్నను ఆ కాలముచే చెట్టు యజమానునకు హక్కు పుట్టదనియు అందు తేలినది. మన న్యాయస్థానములును ఈ సూత్రమునే గ్రహించినవి.

హక్కు ఇట్లున్నను దానికి మూడు కట్టుబాట్లున్నవి. రైతులు మఱచునవి ఇవియే. మన నేలలో నిలిచియే కొట్టవలెను. చెట్టెక్కుటకు అవతలి గట్టు దిగినచో అది అక్రమ ప్రవేశము. హద్దునకు సరిగ నిలువున ఎంత వచ్చినదో అంతే కొట్టవలెను. "ఎటులైన మరల పెరుగును గదా" యని మొదటిదాక కొట్టినచో నష్టపరిహారమునకు బాధ్యులగుదుము. కొట్టిన కొమ్మ మనది కాదు. కఱ్ఱయు కాయయు చెట్టు యజమానునివే. అవతల పెట్టి తీసికొని పొమ్మని చెప్పవలయును. రాలిపడిన మామిడికాయకును ఇదియే న్యాయము. గ్రామమున మాత్రము పొరుగింటి మామిడికాయ మన దొడ్డిలో పడినచో అది మన పచ్చడికని అందఱు నెఱుగుదురు. ఆ వాడుకను చట్టము చూపి చెఱుపుకొనుట తెలివిగల పని యని మాకు తోచదు.

నోటీసు అక్కఱలేదని చట్టము చెప్పినను మేము మాత్రము ముందుగ చెప్పియే కొట్టుమందుము. ఏ యజమానుడును తన చెట్టు కొమ్మ తానే తీయుటకు ఇష్టపడునుగాని పరుల గొడ్డలికి ఇష్టపడడు. తాను తీసినచో సరిగ తీయును. కొట్టు విధమునుగూర్చి ఇచ్చట రెండు మాటలు. పెద్దకొమ్మను పైనుండి ఒక్క వ్రేటున కొట్టినచో బరువుచే విఱిగి మొదటి బెరడును చీల్చుకొని పోవును. ఆ గాయమునుండి కుళ్ళు చెట్టులో దిగును. మొదటికి అడుగుదూరమున క్రిందినుండి కొంత కోసి, దానికి వెలుపల పైనుండి కోసి బరువు దింపి, తరువాత మిగిలిన మోడును రంపముతో నున్నగ కోయవలెను. కోతకు బోర్డో ముద్ద పూయవలెను: మైలుతుత్తము ఒక కిలో, సున్నము ఒక కిలో, నీరు పది లీటర్లు. మామిడికి కాయ దిగినతరువాతనే కొమ్మ తీయుట మేలు; పూతమీద తీసినచో ఆ యేటి పంట పోయినదని వేఱొక తగవు.

కొబ్బరియు తాడియు వేఱు జాతి. వీనికి కొమ్మలు లేవు, తల ఒక్కటే. తల నఱకినచో చెట్టు చచ్చును. పొరుగువారి కొబ్బరిచెట్టు ఒఱగి తల మన యింటిపైకి వచ్చినచో, "నా గాలిలోనికి వచ్చిన భాగమునే కొట్టితిని" అను వాదము చేయవలెనని కొందఱికి తోచవచ్చును. ఆ వాదముతో ఎవ్వరును గొడ్డలి పట్టరాదని మా దృఢాభిప్రాయము. ఎండుమట్టలు, కాయలు దింపుమని అడుగుడు. అంతకు మించినదైనచో అధికారిచేత చేయింపుడు. ఆ మార్గము ముందు చెప్పెదము.

వేళ్ళు, నీడ

మన నేలలోనికి పాఱిన వేరును కొమ్మవలెనే మన హద్దువఱకు తెగగొట్టవచ్చును. వేళ్ళవలన బావి ఒర, ఇంటి పునాది పగిలినచో నష్టమునకు దావా వేయవచ్చును. కాని నీడసంగతి వేఱు. "నీ చెట్లనీడచే నా పంట తగ్గినది" అని దావా వేయబోవు రైతులు 1882 నాటి అనుభోగహక్కుల చట్టమును ఒకమాటు వినవలయును. ఆ చట్టము ప్రకారము ఇంటి కిటికీకి వచ్చు వెలుతురు ఇరువదియేండ్లు అడ్డులేకుండ అనుభవించినచో హక్కు కలుగవచ్చునుగాని, ఖాళీనేలపై పడు వెలుతురునకును గాలికిని ఎంతకాలము గడచినను అట్టి హక్కు కలుగదు. చేను ఖాళీనేలయే. కావున పొరుగువారు తమ నేలలో నాటిన చెట్టు ఎత్తు పెరిగినదని మాత్రమే వేసిన దావా గెలుచుట కష్టము.

ఇచ్చట వకీలుకంటె పాఱ ఎక్కువ పని చేయును. జామాయిలు, సుబాబులు, సరుగుడు తోటల ప్రక్కనున్న చేలలో తొలి నాలుగైదు సాళ్ళు ఏటేట గిడసబాఱుట మనము చూచుచున్నాము. అందు నీడ కొంత. వేళ్ళు తేమను పీల్చుట అంతకన్న ఎక్కువ. మన వైపు నేలలో గట్టునకు గజము ఎడముగ మూడడుగుల లోతున, అడుగు వెడల్పున కందకము త్రవ్వి, అడ్డువచ్చిన వేళ్ళను తెగగొట్టినచో ఆ సాళ్ళు చాలవఱకు కోలుకొనును. వేళ్ళు మరల వచ్చును గావున రెండేండ్ల కొకమాటు కందకమును తిరిగి తెఱవవలెను. చెట్టు మొదటికి మఱీ దగ్గఱగ త్రవ్వినచో తొలి పెనుగాలికే ఆ చెట్టు మన చేనిలోనే పడును. కావున గజము ఎడమును తగ్గింపకుడు. కందకమునకును లొంగని నీడపట్టున మినుము వేసి ఏడ్చుటకంటె పసుపుగాని కందగాని వేసి చూడవలయును. అవి కొంతనీడను ఓర్చును. క్రొత్తగ తోట వేయువారు తొలి వరుసను గట్టునకు అంటించి నాటక కొన్ని గజములు లోనికి నాటినచో, విడిచిన నేల బండి త్రోవకు పనికివచ్చును. పొరుగువారి నోరును మూతపడును.

గొడ్డలి, నిప్పు, విషము

పరుల చెట్టు కొట్టి తీసికొనిపోవుట "చెట్టేగదా" యని తేలికగ నెంచువారున్నారు. 1860 నాటి శిక్షాస్మృతిలో దొంగతనమునకు ఇచ్చిన ఉదాహరణములలో మొదటిదే పరుల నేలలోని చెట్టును కొట్టుట. నేల నంటియున్నంతవఱకు చెట్టు దొంగతనమునకు విషయము కాదు. తీసికొనిపోవు దురుద్దేశముతో దానిని నేలనుండి వేఱుచేసిన క్షణముననే దొంగతనమగును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను 303వ విభాగమున ఈ సూత్రమే నిలిచినది. తీసికొనిపోక ఊరక పడగొట్టినను, చంపినను 324వ విభాగము క్రింద ఆస్తినష్టము చేసిన నేరమగును. నష్టము ఇరువదివేల రూపాయలు మొదలు లక్షలోపల నున్నచో రెండేండ్లవఱకు, లక్షయు ఆపైన నున్నచో ఐదేండ్లవఱకు ఖైదు విధింపవచ్చును. ఉమ్మడి చెట్టును కొట్టినవారు "అందులో నాకును పాలు కలదు" అని తప్పించుకొనలేరు. తనకును పరులకును ఉమ్మడిగనున్న ఆస్తిని చెఱచినను నేరమేయని ఆ విభాగమే వివరించుచున్నది. ఇది గట్టుచెట్ల విషయమున ముఖ్యము.

బహిరంగముగ కొట్టుటకు జంకువారు చాటుగ చంపుదురు. మొదలుచుట్టు బెరడు వలుచుట, తొఱ్ఱచేసి కలుపుమందు పోయుట మేము చూచినవే. వీనికన్న తఱచైనది నిప్పు. కోతయంత్రము పోయినతరువాత మిగిలిన వరిగడ్డిని, కొయ్యకాళ్ళను తగులబెట్టునప్పుడు మంట గట్టెక్కి తాటిమొదళ్ళను కాల్చును. ఎండుమట్టలు వ్రేలాడుచున్న తాడి నిలువున మండును. కావలెనని చేసినను, చేయకున్నను, నిప్పు పెట్టినవారు దానిని తమ హద్దులో నిలుపుకొనవలసిన బాధ్యత వారిదే. అజాగ్రత్తవలన పొరుగువారి చెట్లు కాలినచో నష్టము ఇచ్చుకొనవలసియుండును. గడ్డిని కాల్చుట నేలకును నష్టమేయని ఈ పత్రికలో వేఱొకచోట విపులముగ వ్రాయదగినది. ఇచ్చట చెట్టుమాట మాత్రమే.

తన చెట్టైనను

చెట్టు తనదని తేలినంతనే కొట్టవచ్చుననుకొనుట పొరపాటు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము - వాల్టా యని పిలువబడునది - ప్రకారము చెట్టు కొట్టుటకు నియమిత అధికారి అనుమతి కావలయును. సరుగుడు, జామాయిలు, సుబాబులు వంటి సాగుచెట్లకు మినహాయింపు ఇయ్యబడినది. తక్కినవానికి ముందుగ విచారించి అనుమతి తీసికొనవలెను. పొరుగువారితో తగవులోనున్నవారు అనుమతి లేక కొట్టినచో ఆ తప్పును అధికారులకు మొదట తెలుపువారు ఆ పొరుగువారే యని వేఱుగ చెప్పనక్కఱలేదు. కరెంటు తీగలకు అడ్డమని కొట్టింపబడు చెట్ల విషయమున ఒక్క సంగతి గుర్తుంచుకొనుడు: 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 68వ విభాగము ప్రకారము తీగ వేయుటకు పూర్వమే చెట్టు ఉన్నచో దాని యజమానునకు పరిహారము ఇప్పించు నధికారము మేజిస్ట్రేటునకు కలదు.

ఒఱగిన చెట్టు

మన తీరమునకు గాలివానలు క్రొత్తవి కావు. 1977 నవంబరు 19న దివిసీమయందు, 1996 నవంబరు 6న కోనసీమయందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో విశాఖపట్నమునందు, 2018 అక్టోబరులో తిత్లీ తుఫానులో ఉద్దానమునందు కూలిన చెట్లకు లెక్క లేదు. పొరుగువారి చెట్టు మన యింటిపై పడినచో నష్టము ఎవరిది? చెట్టు గట్టిదై, పెనుగాలికి కూలినచో అది దైవికము. యజమానుడు బాధ్యుడు కాడు. చెట్టు పుచ్చినదనిగాని, మొదలు కదలినదనిగాని అతడు ఎఱిగియుండియు, లేదా కన్నులున్న ప్రతివాడును ఎఱుగదగినట్లు ఉండియు, ఊరకుండినచో బాధ్యుడగును. అందుచేతనే వ్రాతమూలకమైన హెచ్చరికకు ఇంత విలువ. "నీ వేపచెట్టు మొదట తొఱ్ఱపడినది, మా పశువులపాకపైకి ఒఱగియున్నది, తొలగింపుము" అని తారీఖు వేసి రిజిష్టరు తపాలాలో పంపి రసీదు దాచుకొనుడు. ఛాయాచిత్రము తీసియుంచుడు. ఆనాటినుండి "నాకు తెలియదు" అను మాట అతనికి చెల్లదు.

హెచ్చరికకును కదలనిచో నఱకుటకు మనకు హక్కు లేదు. నఱికించుటకు మార్గము కలదు. కూలి పరిసరములందు నివసించువారికిగాని దారిన పోవువారికిగాని హాని చేయుననిపించు చెట్టును తొలగింపుమని, లేదా ఊతకఱ్ఱలు పెట్టుమని ఆజ్ఞాపించు నధికారము భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ విభాగము క్రింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటునకు ఉన్నది. 1973 నాటి పాత స్మృతిలో ఇది 133వ విభాగము. రెవెన్యూ డివిజనల్ అధికారికి దరఖాస్తు పెట్టవలెను. ఒఱగిన కొబ్బరిచెట్టునకు మేము చెప్పెదమన్న మార్గమిదియే. మేజిస్ట్రేటు మొదట యజమానునకు గడువిచ్చి, అభ్యంతరమున్నచో వచ్చి చెప్పుకొమ్మనును. సివిలు దావాకన్న ఇది చౌక, త్వరితము. వర్షాకాలమునకు ముందుగనే పెట్టుడు. తుఫాను హెచ్చరిక వచ్చిన దినమున ఏ దరఖాస్తును పని చేయదు.

అమ్మకమును, తాకట్టును

చెట్లు కొనువారికి ఒక మాట. కలపకై కొట్టుటకు సిద్ధముగనున్న చెట్టు చరాస్తిగ నెంచబడును; ఫలసాయమునకై నిలుపుకొను మామిడి, చింత, కొబ్బరి వంటివి స్థిరాస్తి. ఈ భేదమును సుప్రీంకోర్టు 1958లో శాంతాబాయి వ్యాజ్యమున విపులముగ చర్చించినది. కావున తోటను చెట్లతో నిలువుగ అనుభవించుటకు కొనువారు రిజిష్టరు దస్తావేజు లేనిదే సొమ్ము ఇయ్యరాదు. సంఘమునకు తాకట్టుపెట్టిన పొలములోని చెట్లను సంఘమున కెఱిగింపక అమ్మినచో, దానివలన తాకట్టు విలువ చాలక పోవునట్లైనచో, ఆ పని చెల్లదు. కౌలుదారులును భూస్వామి సమ్మతి లేక కలపచెట్లు కొట్టరాదు.

కోర్టునకు పోవలసివచ్చినచో

కొన్ని తగవులు కోర్టునకు పోకతప్పదు. చెట్టు కొట్టబోవుచున్నారని తెలిసినచో నిషేధాజ్ఞకై ఆలస్యము చేయక పోవలెను. కొట్టినతరువాత ఆజ్ఞ తెచ్చి మొద్దునకు చూపుటచే ప్రయోజనము లేదు. కొట్టబడినచో నష్టపరిహారమునకు దావా సాధారణముగ మూడేండ్లలోపల వేయవలెను. నష్టమును ఎట్లు లెక్కింపవలెనో చాలమందికి తెలియదు. కాపునకు వచ్చిన కొబ్బరిచెట్టు వెల దాని కట్టె వెల కాదు. ఏటికి ఎన్ని కాయలు, ఇంక ఎన్నియేండ్లు కాచును అనునది చూడవలెను. ఉద్యానశాఖ అధికారిచే అంచనా వ్రాయించుడు. మొద్దును పెకలింపనీయకుడు; సర్వేరాయియు మొద్దును ఒకే చిత్రమున కనబడునట్లు ఛాయాచిత్రము తీయుడు. నిలిచియున్న చెట్లకు నేలనుండి నాలుగున్నర అడుగుల ఎత్తున చుట్టుకొలత వ్రాసియుంచుడు. కమిషనరును పంపుమని దావా తొలిదినములలోనే అడుగుడు. వర్షము పడి గట్టు మరల వేసినతరువాత వచ్చు కమిషనరు చూచునది గడ్డి మాత్రమే.

దావా వేయకముందే 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద మండల న్యాయ సేవాధికార సంస్థకు ఒక కాగితము పెట్టి లోక్ అదాలతునకు పోవచ్చును. అచ్చట కోర్టు రుసుము లేదు; దావా వేసియున్నవారికి చెల్లించిన రుసుము తిరిగి వచ్చును. రాజీ కుదిరినచో అది డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. ఉభయులును ఒప్పుకొననిదే అచ్చట ఏదియు నిర్ణయింపబడదు గావున పోయి చూచుటలో నష్టము లేదు.

ఇవి అన్నియు లేకుండ తీర్చుకొనదలచిన సభ్యులకు గట్టుచెట్లను ఉభయులును కలిసి అమ్ముట యను పద్ధతి కలదు; మేము పలుచోట్ల చేయించితిమి. కొలిపించి గట్టుమీది చెట్లకు వరుసగ సున్నముతో అంకెలు వేయవలెను. ఏ అంకె చెట్టు ఎవరి నేలలో నున్నది, ఏది ఉమ్మడి, దేని చుట్టుకొలత ఎంత, ఏవి అమ్మదలచినవి, సొమ్ము ఏ పాళ్ళ పంచుకొనవలెను, ఏవి హద్దునకై నిలుపవలెను అని కాగితముపై వ్రాసి, ఉభయులును ఇద్దరు సాక్షులును సంతకములు చేసి, చెఱియొక ప్రతి ఉంచుకొనవలెను. చెట్టుపై హక్కే ఒకరినుండి ఒకరికి మాఱునట్లైనచో ఈ కాగితము చాలదు, రిజిష్టరు చేయింపవలయును. వాల్టా అనుమతి అవసరమైనవానికి ఇరువురి పేర దరఖాస్తు పెట్టవలెను. అమ్మకము వైశాఖమునకు ముందు ముగించినచో మొద్దులు తీసి, హద్దురాళ్ళు సరిచూచి, తొలకరికి ముందే గట్టు వేసికొనుటకు తీరిక దొరకును.